ఫ్లాట్ నిజంగా ఎంతకి అమ్ముడైందో ఈసీలో చూద్దాం

అందరికీ నమస్కారం అండి. ఫ్లాట్ కొందామని బయల్దేరితే ముందు చెవిన పడేది ఏజెంట్ చెప్పే రేటు. యాప్‌లో చూసినా అంతే, అమ్మేవాళ్లు అడుగుతున్న ధరే కనిపిస్తుంది. అమ్ముడైన ధర కావాలి మనకి. అది ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలన్నీ చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో ఉంటుంది, రండి చూద్దాం. నేను హైదరాబాద్ గురించే చెప్తున్నాను, ఆంధ్రాలో సైట్ వేరు.

ఇదిగో, తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ సైట్. ఈసీ సెర్చ్. లాగిన్ అడిగితే మొబైల్ నంబర్, ఓటీపీ కొట్టేయండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎంచుకున్నాను, ఊరు పెట్టాను. ఊరంటే రెవెన్యూ గ్రామం, అంటే కేపీహెచ్‌బీ కాలనీ అని కాదు, కూకట్‌పల్లి అని. అపార్ట్‌మెంట్ పేరు ఇక్కడ. ఒక స్పెల్లింగ్‌తో రాకపోతే ఇంకో స్పెల్లింగ్‌తో చూడండి. నేనైతే ఓనర్ దగ్గర పాత డాక్యుమెంట్ నంబర్, సంవత్సరం అడిగి తీసుకుంటాను, ఆ రెండూ కొడితే ఈ తిప్పలేం ఉండవు. సరే, సబ్మిట్.

వచ్చింది. ఇక్కడ ఆగండి, ఇక్కడ మాత్రం కంగారు పడొద్దు. ఈ గడిలో రెండు అంకెలున్నాయి చూశారా, ఒకటి మార్కెట్ వాల్యూ, కింద కన్సిడరేషన్ వాల్యూ. మార్కెట్ వాల్యూ అని ఉంది కదా, అదే మార్కెట్ రేటు అనుకుంటాం. కాదండి. అది ప్రభుత్వం పెట్టిన కనీస విలువ, తెలంగాణలో 2021లో ఒకసారి, 2022 ఫిబ్రవరిలో ఒకసారి పెంచారు. కొన్నవాళ్లు ఇంతిచ్చాం అని కాగితం మీద రాసింది కన్సిడరేషన్. నేను మొదటిసారి పైనున్న అంకె పట్టుకుని బేరానికి వెళ్లాను, ఆ ఓనర్ పెద్దాయన ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్లిపోయారు. మంచి ఫ్లాట్, పోయింది. అందుకే మళ్లీ చెప్తున్నాను, కింద అంకె, కన్సిడరేషన్.

ఇప్పుడు విస్తీర్ణం. ఇక్కడ ఎక్స్‌టెంట్ అని గజాల్లో ఉన్నది స్థలంలో మీ వాటా, యూడీఎస్. బిల్ట్ అని అడుగుల్లో ఉన్నదే ఫ్లాట్. ఊరికే లెక్క కోసం, 1,200 అడుగుల ఫ్లాట్ 2025లో 72 లక్షలకి రిజిస్టర్ అయిందనుకోండి, అడుగు 6,000. అదే అపార్ట్‌మెంట్‌లో అంతే ఫ్లాట్ 2019లో 48 లక్షలు, అంటే అడుగు 4,000. ఆరేళ్లలో సగం పెరిగింది, ఏడాదికి సుమారు 7 శాతం. నేను ఇవన్నీ గూగుల్ షీట్స్‌లో వేసుకుంటాను, తేదీ, అంతస్తు, అడుగులు, ధర, నాలుగే కాలమ్‌లు, ఫోన్‌లోనే అయిపోతుంది.

ఇంకొకటి, అమ్మిన పార్టీ పేరు చూడండి. కంపెనీ పేరుంటే బిల్డర్ అమ్మింది. బుకింగ్ రోజు ఒప్పుకున్న ధర, ఇల్లు చేతికిచ్చేటప్పుడు రిజిస్టర్ అవుతుంది, అంటే కాగితం మీద ఈ ఏడాది తేదీ ఉన్నా రేటు రెండు మూడేళ్ల కిందటిది అయ్యుండొచ్చు. మనుషుల పేర్లుంటే రీసేల్. ఇప్పటి రేటు తెలియాలంటే రీసేల్‌వే ఏరుకోండి. అందులోనూ కొందరు కొంత డబ్బు నగదుగా ఇచ్చి తక్కువ రాయిస్తారు, కాబట్టి ఒక్క డాక్యుమెంట్ చూసి నిర్ణయానికి రావద్దు, అదే అపార్ట్‌మెంట్‌లో నాలుగైదు చూడండి. ఒక్కటి మాత్రం మరీ తక్కువగా ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. గిఫ్ట్ డీడ్‌లు కూడా లెక్కలోకి రావు, అవి ఇంట్లోవాళ్ల మధ్య జరిగేవి.

ఆఖరుగా ఖర్చు. స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, మార్కెట్ వాల్యూ, కన్సిడరేషన్ రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద. 72 లక్షలకి 5 లక్షల 40 వేలు. ఇది లోన్‌లో రాదు, చేతిలో ఉండాలి, బేరానికి కూర్చునే ముందే షీట్‌లో ఐదో కాలమ్‌గా వేసేసుకోండి.