భాష కలవని ఇద్దరికి దుబాసీ: ‘మరోచరిత్ర’ సంగీతం

నమస్కారం. ఈరోజు మనం 1978లో విడుదలైన ‘మరోచరిత్ర’ గురించి, అందులోనూ ఎం.ఎస్. విశ్వనాథన్ గారి సంగీతం గురించి మాత్రమే మాట్లాడుకుందాం. కె. బాలచందర్ గారి దర్శకత్వం గురించి, కమల్ హాసన్, సరితల నటన గురించి ఈ నలభై ఏళ్లకు పైగా ఎందరో ఎంతో చెప్పారు. సంగీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘పాటలు చాలా బాగుంటాయి’ అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తుంటారు. అది నాకు అన్యాయంగా అనిపిస్తుంది, ఎందుకంటే ఈ సినిమాలో సంగీతం కథకు తోడుగా నడిచేది కాదు, కథ జరగడానికి కారణమయ్యేది.

కథ మీకు తెలిసిందే. తమిళ కుర్రాడు బాలు, తెలుగు అమ్మాయి స్వప్న, పక్కపక్క ఇళ్లు. ఒకరి భాష మరొకరికి సరిగా రాదు. పెద్దలు ఒప్పుకోరు, ఏడాదిపాటు విడిగా ఉండాలని షరతు పెడతారు, చివరికి కథ విషాదంలో ముగుస్తుంది. ఇదంతా విశాఖపట్నంలోనూ, భీమిలి అని మనం పిలుచుకునే భీమునిపట్నంలోనూ తీశారు కనుక, ఇక్కడి వాళ్లం ఈ సినిమాను మన ఊరి సంగతిలాగే చూస్తాం. పైగా ఓడరేవు, షిప్‌యార్డు, నేవీ, రైల్వే ఉన్న ఊరు కావడంతో, గోడ అవతలి ఇంట్లో ఒడియానో, తమిళమో, బెంగాలీయో వినబడటం మనకు వింత కాదు. నా చిన్నతనంలో మా పక్కింటి తమిళ మామీ గారు మా అమ్మతో సగం చేతులతోనూ సగం మాటలతోనూ మాట్లాడేవారు. ఆ ఇద్దరూ గంటలకొద్దీ ఏం చెప్పుకునేవారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

సాధారణంగా మన సెంటిమెంట్ సినిమాల్లో సంగీతం ఒక అలవాటుకు లోబడి ఉంటుంది. పాత్రకు కష్టం రాబోతోందని తెలియగానే వయొలిన్లు మొదలవుతాయి, ప్రేక్షకుడి కంట నీరు తిరగకముందే నేపథ్య సంగీతం ఏడ్చేస్తుంది. విశ్వనాథన్ గారు ఇక్కడ తన శక్తినంతా దుఃఖం మీద కాక సంతోషం మీద ఖర్చుపెట్టారని నా అభిప్రాయం. ఆ ఇద్దరి ఆనందాన్ని అంత వివరంగా, అంత ముద్దుగా మన చెవిలో నిలబెట్టారు కాబట్టే, చివర అది పోయినప్పుడు మనకు ఏదో సొంతది పోయినట్టుగా ఉంటుంది.

ఇందుకు ‘ఏ తీగ పూవునో’ పాటను కాస్త దగ్గరగా వినాలి. పి. సుశీల గారు ఏ హడావుడీ లేకుండా, తనలో తాను అనుకుంటున్నట్టుగా పల్లవి ఎత్తుకుంటారు. ఆచార్య ఆత్రేయ గారి ఆ మొదటి మాటలే ఒక అనుమానం: ఎక్కడి తీగకు పూసిన పువ్వో, ఎక్కడి కొమ్మ మీద వాలిన తేనెటీగో, ఈ రెంటినీ కలిపిన బంధం ఎటువంటిదో అని. ఆ గొంతు అలా సాగుతుండగా మధ్యలో కమల్ హాసన్ గొంతు తమిళంలో ‘అప్పడియన్నా?’ అని అడుగుతుంది. అంటే ‘అలాగంటే ఏమిటి?’ అని. దానికి రాగం లేదు, గమకం లేదు, వరండాలో నిలబడి అడిగిన మామూలు మాట. అర్థం కాలేదా అని ఇటునుంచి ఎదురుప్రశ్న వస్తుంది, పాట మళ్లీ తన దారిన తాను సాగిపోతుంది.

మీరు ఆ చోటు రెండు మూడుసార్లు వెనక్కి తిప్పి వినండి. యుగళగీతమంటే ఇద్దరూ సమానంగా పాడుకోవాలన్న ఆనవాయితీని పక్కనపెట్టి, ఒకరు పాడుతుంటే మరొకరు అర్థం కాక అడిగే పద్ధతిని పాటలోకి తేవడం చిన్న సాహసం కాదు. అతనికి ఆత్రేయ గారి మాటలు అర్థం కావు, బాణీ మాత్రం అర్థమవుతుంది, అందుకే ఆ ప్రశ్నలో చిరాకు లేదు, వినాలన్న ఆశ ఉంది. మాటలు ఆగిపోయిన చోట రాగం దుబాసీగా నిలబడి, ఆమె మనసును అతని చెవికి అందిస్తుంది. ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సుశీల గారు విజయనగరంలో పుట్టి, అక్కడి మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నవారు. బాణీ కట్టిన విశ్వనాథన్ గారిది పాలక్కాడు ప్రాంతం, దర్శకుడు తమిళుడు, కవి తెలుగువాడు. భీమిలి ఒడ్డున నిలబడ్డ అమ్మాయికి భీమిలికి దగ్గరి ఊళ్లోనే పుట్టిన గొంతు దక్కడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగించే విషయం.

అప్పట్లో మద్రాసు స్టూడియోల్లో గాయకులూ వాద్యకారులూ ఒకేసారి కూర్చుని పాటను ఏకబిగిన రికార్డు చేసేవారు, ఒక్క వయొలిన్ తప్పినా మళ్లీ మొదటినుంచి అందుకోవలసిందే. మాట్లాడే మాట కూడా తాళంలో తన చోటు తాను చూసుకోవలసిన ఆ రోజుల్లో, ఈ పాటలో మాటకూ పాటకూ మధ్య అతుకు ఎక్కడా కనిపించకపోవడం గమనించవలసిన పనితనం.

‘భలే భలే మగాడివోయ్’ జనానికి బాగా ఎక్కిన పాట. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, ఎల్.ఆర్. ఈశ్వరి గార్ల ఉత్సాహం నాకూ ఇష్టమే, అయితే దాని గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. సినిమా పేర్లను గుదిగుచ్చిన ‘కలసి ఉంటే కలదు సుఖం’లో మెచ్చుకోవలసింది బాణీకన్నా మాటల చమత్కారాన్ని. జానకి గారు పాడిన ‘పదహారేళ్లకు’ మాత్రం వేరు. ఆ వయసు చేయించే చిలిపి పనులకు కోటి దండాలు పెట్టే ఆ పాటలో భక్తిగీతానికి ఉండే వినయం, ఆటపాటల్లో ఉండే అల్లరి ఒకే గొంతులో కలిసిపోయాయి. వాణీ జయరాం గారి ‘విధి చేయు వింతలన్నీ’ వచ్చేసరికి ఆ అల్లరి ఆరిపోతుంది. ఆ పాట బిగ్గరగా ఏడవదు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన మనిషి నిదానంగా మాట్లాడినట్టుగా ఉంటుంది, నాకు అన్నిటికన్నా బరువుగా తోచేది ఆ నిదానమే.

ఈ కథనే బాలచందర్ గారు 1981లో హిందీలో ‘ఏక్ దూజే కే లియే’గా తీశారు. గోవా నేపథ్యం, లక్ష్మీకాంత్–ప్యారేలాల్ సంగీతం, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారికి జాతీయ పురస్కారం తెచ్చిపెట్టిన గానం. అది గొప్ప సంగీతమే, కాని అక్కడి పాటలు విశాలమైన వేదిక మీద నిలబడి పాడినట్టుంటాయి. తెలుగులోని పాటలు పెరటి గోడకు ఆనుకుని పాడుకున్నట్టుంటాయి. నలుపు తెలుపుల్లో తీసిన ఈ చిన్న ప్రపంచానికి ఆ గోడ చాటే తగినది. తమిళనాడులో ఈ సినిమాను డబ్బింగ్ చేయకుండా తెలుగులోనే విడుదల చేస్తే, మద్రాసులో ఏడాదికి పైగా ఆడింది. తెరమీద బాలు ఎలా అర్థం చేసుకున్నాడో, హాల్లో కూర్చున్న తమిళ ప్రేక్షకులూ అలాగే అర్థం చేసుకున్నారన్నమాట.

ఈ వీడియో కోసం మొన్న ఒక సాయంత్రం భీమిలి బస్సెక్కి వెళ్లి, గోస్తని నది సముద్రంలో కలిసే చోట కూర్చున్నాను. గాలి హోరుకు ఇయర్‌ఫోన్లలో ఏమీ సరిగా వినబడక, తీసేసి ఫోన్‌లోనే పాట పెట్టాను. కొంచెం అవతల ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన తలెత్తి, “ఏటి బాబూ, సుశీలమ్మ పాటేనా? కాస్త సౌండు పెట్టు” అన్నారు. పెట్టాను. ఆయన మళ్లీ వల మీదికి వంగారు. పల్లవి పూర్తవుతుండగా, చేతిలో దారం ఆపకుండానే, కమల్ హాసన్ కంటే ఒక్క క్షణం ముందు, ఆయనే నెమ్మదిగా “అప్పడియన్నా” అన్నారు.