డాబా మీది విజ్ఞాన ప్రసంగం

శ్రోతలకు నమస్కారం.

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ తన పేరుతో నిలిచిపోయిన కాంతి ఫలితాన్ని గుర్తించారు. మూడు వారాలైనా గడవకముందే, మార్చి 16న, దానిని సభాముఖంగా వివరించడానికి ఆయన వచ్చింది మన బెంగళూరుకే. తరువాతి కాలంలో ఈ నగరంలోనే తాను నెలకొల్పిన పరిశోధన సంస్థలో గాంధీ జయంతి నాడు ప్రసంగించడం ఆనవాయితీగా పెట్టుకుని, కన్నుమూయడానికి ఏడు వారాల ముందు, 1970 అక్టోబరు 2న కూడా మాట్లాడారు.

అంతటి వారసత్వమున్న ఊరిలో విజ్ఞాన ప్రసంగాలకు నేటికీ కొదవ లేదు. అయితే మనవలను చూసుకోవడానికి అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వచ్చి ఇక్కడే ఉండిపోయిన మన పెద్దలు, ఇంగ్లీషులో సాగే ఆ సభలకు వెళ్ళడం అరుదు. అందుకే అపార్ట్‌మెంట్ హాలులో, గుడి ఆవరణలో, తెలుగు సంఘాల సమావేశాల్లో ఇలాంటి ప్రసంగాలు జరగాలని కోరుకుంటున్నాను. అక్కడ ఎంచుకునే విషయం, విన్నవారు మరునాడు తమ డాబా మీద స్వయంగా సరిచూసుకోగలిగినదై ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఒక ఉదాహరణ చెబుతాను. భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 13 డిగ్రీల దూరంలో ఉన్న బెంగళూరులో, ఏటా ఏప్రిల్ 24, ఆగస్టు 18 తేదీల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. దారానికి రాయి కట్టి వేలాడదీసి, దాని పక్కన నిటారుగా నిలిపిన కర్ర నీడ ఆ క్షణాన కర్ర మొదట్లోనే అణగిపోతుంది. అది ఏప్రిల్‌లో పన్నెండింటికి కాక సుమారు 12 గంటల 18 నిమిషాలకు జరుగుతుంది. ఎందుకని సభలో ఎవరైనా అడిగితే, వక్త సంతోషించవలసిన ప్రశ్న అది. మన గడియారాలన్నీ కాకినాడకు సమీపంగా సాగే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తాయి. బెంగళూరు దానికి దాదాపు 5 డిగ్రీలు పడమరన ఉంది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు ఇక్కడికి 20 నిమిషాలు ఆలస్యంగా చేరాలి. భూమి అక్షపు వంపు వల్లా, కక్ష్యలో దాని వేగం ఒకే తీరుగా ఉండకపోవడం వల్లా ఆ రోజుల్లో ఈ ఆలస్యంలో సుమారు రెండు నిమిషాలు తగ్గుతాయి.

అదే రోజున హైదరాబాదులో ఉన్న బంధువులకు ఫోను చేసి, మీటరు పొడవున్న కర్ర నీడను అది అతి పొట్టిగా ఉన్నప్పుడు, అంటే 12 గంటల 14 నిమిషాల ప్రాంతంలో, కొలవమనండి. అక్కడ నీడ సుమారు ఏడున్నర సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. ఆ నీడ చెప్పే కోణం దాదాపు 4.4 డిగ్రీలు, రెండు నగరాల మధ్య ఉత్తర దక్షిణాల దూరం సుమారు 490 కిలోమీటర్లు. 360 డిగ్రీలకు ఎంతవుతుందో లెక్క కడితే 40 వేల కిలోమీటర్లు, అంటే భూమి చుట్టుకొలత వస్తుంది. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో ఈజిప్టులో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు అనుసరించిన మార్గం ఇదే. తాతగారు హైదరాబాదులో, మనవరాలు బెంగళూరులో కర్ర పట్టుకుని నిలబడితే చాలు, పాఠ్యపుస్తకంలో ఉన్న అంకె ఆ ఇంటి సొంత అంకె అవుతుంది. నన్ను అన్నిటికన్నా ఉత్సాహపరిచే సంగతి ఇది.

కాబట్టి ఇలాంటి సభ పెట్టదలచిన నిర్వాహకులకు నా విన్నపం ఇది. సన్మానాలకు, పరిచయాలకు పట్టే సమయాన్ని తగ్గించి, కనీసం సగం సమయం ప్రశ్నలకు వదలండి. మైకును ముందుగా వెనుక వరుసల్లోని స్త్రీలకు, పిల్లలకు అందించండి. గ్రహణం నాడు భోజనం చేయవచ్చునా అని ఎవరైనా అడిగితే నవ్వనివ్వకండి. గ్రహణమంటే నీడ పడటమేననీ, దానివల్ల ఆహారంలో ఏ మార్పూ రాదనీ వక్త ఓపికగా వివరించాలి. ఏప్రిల్ సభలో కొలతలు తీసుకున్నవారిని ఆగస్టు 18కి మళ్ళీ పిలిచి, ఈసారి నీడ 12 గంటల 24 నిమిషాల దాకా ఎందుకు ఆగిందో వారినే చెప్పమనండి.