పాస్‌పోర్టు అడుగున ఉండే రెండు వరుసలు: శ్రీకాకుళం ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. పాస్‌పోర్టును యంత్రం ఎలా చదువుతుందన్న సందేహాలకు నిపుణులు సమాధానమిస్తారు. పలాస నుంచి మొదటి శ్రోత, మాట్లాడండి.

శ్రోత: నమస్కారమండీ. నేను వెల్డర్‌ని, వచ్చే నెల మస్కట్ వెళ్లాలి. మా ఇంట్లో జీడిపిక్కలు కొడతారు. ఆ జీడిరసం పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున అంటుకుంటే కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. మరక పోలేదు సరికదా, పుట్టిన తేదీలోని 6 మసకబారి 8లా కనిపిస్తోంది. ఏజెంటుకు ఫొటో పంపితే ఏమీ కాదన్నాడు. నిజమేనా అండీ?

నిపుణుడు: ముందుగా ఒక మాట చెబుతాను బాబూ, ఆ పేజీ ఫొటోను ఎవరికి పడితే వారికి పంపకండి. ఇక మీ విషయానికి వస్తే, అడుగున ఉన్న రెండు వరుసల్లో ఒక్కొక్కదానిలో 44 స్థానాలుంటాయి. స్కానర్ వాటిని పరారుణ కాంతిలో చూస్తుంది కనుక మన కంటికి కనిపించే కొన్ని మరకలు దానికి కనిపించకపోవచ్చు. మరక కన్నా మీ తుడుపే నాకు ఎక్కువ భయం కలిగిస్తోంది.

శ్రోత: 8 అని చదివేస్తే నేను వేరే మనిషినైపోతానా అండీ?

నిపుణుడు: అవరు. మీరు 1985 జూన్ 14న పుట్టారనుకుందాం. వరుసలో 850614 అని ఉంటుంది. ఆ అంకెలను వరుసగా 7, 3, 1, మళ్లీ 7, 3, 1తో గుణించి కూడితే 120 వస్తుంది. దాన్ని పదితో భాగించగా మిగిలే 0ను తేదీ పక్కనే అచ్చువేస్తారు. 6ను 8గా చదివితే మొత్తం 134 అయి 4 మిగులుతుంది. అది పక్కనున్న 0తో సరిపోదు కనుక యంత్రం ఆ తేదీని ఒప్పుకోదు.

శ్రోత: అయితే వెళ్లిపోవచ్చంటారా? ఏజెంటు ఏమీ కాదన్నాడు కదండీ.

నిపుణుడు: చదవవలసింది ఏజెంటు కాదు బాబూ, యంత్రం. టికెట్ కొనకముందే, పాస్‌పోర్టు పాడైందని చెప్పి రీ-ఇష్యూకు దరఖాస్తు చేసుకోండి. దయచేసి మళ్లీ తుడవకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. విజయనగరం నుంచి మరొకరు.

శ్రోత: సార్, కొత్త ఈ-పాస్‌పోర్టులోని చిప్‌ను బస్సులో పక్కన కూర్చున్నవారు చదివేయగలరా?

నిపుణుడు: అంత సులువు కాదమ్మా. అట్ట మీద బంగారు రంగు గుర్తున్న ఆ పుస్తకాన్ని రీడరుకు కొన్ని సెంటీమీటర్ల దగ్గరకు తేవాలి. పైగా పాస్‌పోర్టు సంఖ్య, పుట్టిన తేదీ, గడువు తేదీ, ఈ మూడింటినీ రెండో వరుస నుంచి తీసుకొని తాళంచెవి తయారు చేస్తేనే చిప్ తెరుచుకుంటుంది. ఫొటో పంపవద్దని నేను అన్నది అందుకే.

వ్యాఖ్యాత: నరసన్నపేట నుంచి, క్లుప్తంగా అడగండి.

శ్రోత: ఇల్లు మారామండీ. ఆ రెండు వరుసల్లో పాత చిరునామా ఉంటుందా?

నిపుణుడు: అక్కడ చిరునామాయే ఉండదు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. పలాస శ్రోత మళ్లీ లైన్లోకి వచ్చారు.

శ్రోత: క్షమించండి సార్. నా ఫొటో ఇప్పటికే ఏజెంటు ఫోన్లో ఉంది కదా, ఏం చేయాలి?

నిపుణుడు: కంగారుపడకండి బాబూ. రీ-ఇష్యూలో సంఖ్య మారుతుంది. పాత ఫొటోతో చేసిన తాళంచెవి కొత్త పుస్తకానికి పట్టదు. కొత్తదాన్ని మాత్రం ఫొటో తీసి పంపకండి.