ఆగడానికి ఎంత దూరం కావాలి?

అందరికీ నమస్కారం.

నిదానమే ప్రధానం అని బోర్డుల మీద చదువుతూనే ఉంటాం. నిదానం అంటే ఎంతో మాత్రం ఆ బోర్డు చెప్పదు. అందుకని ముందు కాస్త లెక్క చూద్దాం.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటుతుంది. ఎదురుగా ఏదో అడ్డం వచ్చింది. కన్ను చూసి, బుర్ర తేల్చుకుని, కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒకటిన్నర సెకను వేసుకుందాం. ఆలోపే 25 మీటర్లు అయిపోయాయి. బ్రేకు పడ్డాక, పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో ఇంకో 20 మీటర్లు. మొత్తం 45. అదే కారు 80లో ఉంటే బ్రేకు పడేలోపు 33 మీటర్లు, పడ్డాక 36. దగ్గర దగ్గర 70.

ఇప్పుడు ఆ 45వ మీటరు దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడనుకోండి. 60లో వచ్చిన కారు అతని ముందు ఆగిపోతుంది. 80లో వచ్చింది ఇంకా 65 వేగంతో ఉండగానే అతన్ని గుద్దుతుంది. పెంచింది 20 మాత్రమే కదా అనిపిస్తుంది. కానీ బ్రేకు అణచాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. పైగా ఉన్న దూరంలో సింహభాగం బ్రేకు పడకముందే ఖర్చయిపోయింది. తడి రోడ్డు, అరిగిన టైర్లు, చేతిలో ఫోను ఈ లెక్కను ఇంకా పాడు చేస్తాయి. రాత్రి హెడ్‌లైట్ల లో బీమ్, అంటే కిందికి దించిన వెలుగు, సాధారణంగా 40, 50 మీటర్లకు మించి పనికొచ్చేంతగా పడదు. ఆ వెలుగులో 80లో పోవడమంటే కనబడని చోటికి దూసుకుపోవడమే.

ముందు బండికీ మనకీ మధ్య ఎంత ఎడం ఉందో మీటర్లలో అంచనా వేయడం ఎవరి వల్లా కాదు. సెకన్లు లెక్కపెట్టండి. ముందు బండి ఒక స్తంభం దాటిన క్షణం నుంచి మనం అదే స్తంభం దాటేలోపు కనీసం రెండు సెకన్లు ఉండాలి, వానలో నాలుగు. ఏబీఎస్ (బ్రేకు గట్టిగా వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో ఆపద వచ్చినప్పుడు బ్రేకును గట్టిగా తొక్కి అలాగే పట్టుకోండి. పెడల్ కింద దడదడ కొడితే భయపడి కాలు తీసేవాళ్లు చాలామంది. అది పాడైన శబ్దం కాదు, ఏబీఎస్ చేసే పనే అది.

ఇక ప్రమాదం జరిగిపోయిన చోటికి వద్దాం. ఇక్కడా అదే లెక్క, కాకపోతే ఈసారి వెనక నుంచి వచ్చేవాడి వైపు నుంచి. సాయం చేయడానికి ఉరికినవాళ్లను వెనక వచ్చే బండి గుద్దేయడమే నాకు అన్నిటికంటే పెద్ద భయం. మీ బండి రోడ్డు దించి ఆపండి, నాలుగు ఇండికేటర్లూ వేయండి. ఎర్ర త్రికోణాన్ని ప్రమాదానికి కనీసం 45 మీటర్ల వెనక పెట్టండి. మామూలు నడకలో అది 60 అంగలకు పైనే. వేగంగా పోయే రోడ్డయితే ఇంకా వెనక, మలుపు ఉంటే మలుపుకు ముందే. వెళ్లేటప్పుడు రోడ్డు అంచునే, వచ్చే బళ్లకు ఎదురుగా, త్రికోణాన్ని ఛాతీ ముందు పట్టుకుని నడవండి. బళ్లు ఆగకుండా దూసుకుపోయే రహదారి అయితే ఆ సాహసమే వద్దు, రెయిలింగ్ అవతలికి వెళ్లి ఫోను చేయండి. రెండు బళ్ల మధ్య మాత్రం ఎప్పుడూ నిలబడకండి. కరెంటు తీగ తెగి పడి ఉంటే అటు వెళ్లనే వద్దు. బండి మీద పడితే లోపలివాళ్లను కదలకుండా కూర్చోమని దూరం నుంచే కేకేయండి.

ఫోనులో ముందు చోటు చెప్పండి: కిలోమీటరు రాయి, ఏ వైపు వెళ్లే దారి. తర్వాత ఎంతమందికి దెబ్బలు, ఎవరైనా ఇరుక్కున్నారా, ట్యాంకరుందా. అవతలివాళ్లు పెట్టేదాకా మీరు పెట్టేయకండి.

అరిచేవాడికి ఊపిరి ఆడుతున్నట్టే. ఉలుకూ పలుకూ లేనివాడి దగ్గరికి ముందు వెళ్లండి. రక్తం ఉబికి వస్తుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేతి మడమతో, మీ బరువంతా వేసి నొక్కండి. ఆగిందా అని ఎత్తి చూడటమే ఎక్కువమంది చేసే పని. ఎత్తగానే అప్పుడే గడ్డకడుతున్న రక్తం ఊడిపోతుంది. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకొకటి వేసి నొక్కుతూ ఉండండి. గుచ్చుకున్న ఇనుప ముక్కను లాగకండి, అదే అడ్డుపడి రక్తాన్ని ఆపుతూ ఉండొచ్చు.

మంటలో, నీటి ముప్పో, ఊపిరి ఆగిపోవడమో ఉంటే తప్ప బండిలోంచి లాగొద్దు. మెడ ఎముక విరిగి ఉంటే ఆ లాగుడే వెన్నుపామును దెబ్బతీస్తుంది. ఊపిరి బాగా ఆడుతుంటే హెల్మెట్ కూడా తీయకండి. ఆడకపోతే తీయాల్సిందే: ఒకరు దవడను, మెడ వెనక భాగాన్ని కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు పట్టీ విప్పి, రెండు పక్కలూ విడదీస్తూ మెల్లగా జార్చాలి. తర్వాత ఛాతీ మధ్యలో 5, 6 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం మొదలుపెట్టండి. నోట్లో నీళ్లు పోయడం వద్దే వద్దు. స్పృహ సరిగా లేనివాడికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అంబులెన్స్ రాగానే ప్రమాదం జరిగి ఎంతసేపయింది, మధ్యలో స్పృహ తప్పాడా, ఎవరైనా కదిలించారా అన్నవి చెప్పండి. వాళ్లు వెళ్లాక కూడా రోడ్డు మీద కారిన ఆయిలు ఉంటుంది, దాని మీద ద్విచక్ర వాహనాలు జారతాయి. ఇసుకో మట్టో చల్లి, బళ్లు తొలగించేదాకా త్రికోణాన్ని అక్కడే ఉంచండి.