మెట్టినింట నలభై ఏళ్లు

అందరికీ నమస్కారం. అప్పగింతల వేళ కన్నీళ్లు పెట్టుకోని ఇల్లు మనలో ఉండదు. ఈరోజు నేను చెప్పబోయే అమ్మాయికి అప్పగింతలు జరిగింది క్రీ.శ. 641లో, చైనా రాజధాని చాంగాన్‌లో. పేరు వెన్‌చెంగ్. అదీ బిరుదే. పుట్టింట్లో ఏమని పిలిచేవారో చరిత్రకారులు రాసిపెట్టలేదు. తాంగ్ చక్రవర్తి తైజోంగ్‌కు ఆమె సొంత కూతురు కాదు, రాజవంశంలో పుట్టిన పిల్ల. టిబెట్ రాజు సోంగ్‌త్సేన్ గాంపో ముందు పిల్లనడిగితే చక్రవర్తి కాదన్నాడు. టిబెట్ రాజు 638లో చైనా సరిహద్దు మీదికి దండెత్తాడు. ఆ తర్వాతే ఈ సంబంధం కుదిరింది. అంటే రెండు రాజ్యాల తగువు తీర్చే బరువు ఆ పిల్ల మీద పడింది.

చైనా నుంచి టిబెట్ వెళ్లే దారిలో, చింగ్‌హై ప్రాంతంలో సూర్యచంద్ర పర్వతం అని ఒకటుంది. పుట్టింటిని చూపించే అద్దాన్ని ఆమె అక్కడ పగలగొట్టి, ఇక వెనక్కి చూడకుండా ముందుకు సాగిందని జనం చెప్పుకుంటారు. కథే అయినా, నాకు విన్న ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది.

లాసాలోని జోఖాంగ్ ఆలయంలో ఉన్న శాక్యముని విగ్రహం ఆమెతోనే వచ్చిందని టిబెటన్ల నమ్మకం. అది అంతకుముందు మన మగధ నుంచి చైనాకు వెళ్లిందట. ఆమెను బౌద్ధ దేవత తార అవతారంగా కొలుస్తారు. సోంగ్‌త్సేన్‌కు నేపాల్ నుంచి వచ్చిన మరో రాణిగా చెప్పుకునే భృకుటితో కలిపి ఆమె కథను టిబెటన్ నాటకంగా ఇప్పటికీ ఆడతారు. కాగితం, పట్టుపురుగులు కూడా ఆమె సారెలోనే వచ్చాయని చాలామంది అంటారు. నిజానికి తైజోంగ్ 649లో చనిపోయాక, పట్టుపురుగుల గుడ్లను, కాగితం, సిరా చేసే పనివాళ్లను పంపమని కొత్త చక్రవర్తిని అడిగింది సోంగ్‌త్సేనే.

మరి ఆమె సొంతంగా చేసిందేమిటి? నా మనసంతా అక్కడే ఉంది. 650లో భర్త పోయాడు. ఆమె పుట్టింటికి తిరిగి వెళ్లలేదు. 680లో కన్నుమూసేదాకా, ముప్పై ఏళ్లు, ఆ ఎత్తైన చలినేల మీదే ఉండిపోయింది. ఆ రోజుల్లో షువాన్‌జావో అనే చైనా భిక్షువు భారతదేశానికి బయలుదేరి టిబెట్ చేరాడు. మన పాఠ్యపుస్తకాల్లో కనిపించే చైనా యాత్రికుడు ఇత్సింగ్ ఈ సంగతి రాశాడు. వెన్‌చెంగ్ మనుషులను తోడిచ్చి పంపితే షువాన్‌జావో జలంధర్ చేరాడు. తర్వాత బుద్ధగయలో, నలందలో ఏళ్ల తరబడి చదువుకున్నాడు. తిరిగి వెళ్లేటప్పుడు నేపాల్ మీదుగా మళ్లీ ఆమె దగ్గరికే వచ్చాడు. ఆమె ఆయన్ను ఆదరించి, దారి ఖర్చులకు ఇచ్చి, తాను మళ్లీ చూడని పుట్టిన దేశానికి సాగనంపింది.