ఇప్పపూల కాలంలో బడి గంట

వేదిక మీది పెద్దలకు, ఏటూరునాగారం, ఉట్నూరు దిక్కు నుంచి పొద్దుగాల్నే బస్సెక్కి హన్మకొండ వచ్చిన టీచర్లకు జై సేవా. పేరుపేరునా మొక్కుకుంటూ పోతే నాకిచ్చిన టైమంతా ఆడనే ఒడుస్తది. మన్నించాలె.

గిరిజన పిల్లల సొంత భాషల వాచకాల గురించి మాట్లాడమన్నరు. జోడేఘాట్‌లో 1940లో కుమ్రం భీము ఒరిగినంక నిజాం సర్కారుకు గోండుల గోస చెవికెక్కింది. 1943లో మార్లవాయి అనే గోండు పల్లెల, మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ దొర గోండి వాచకాలు తయారు చేయించిండు, గోండు యువకులనే పంతుళ్లుగా తీర్చిదిద్దిండు. పుస్తకం, మనిషి జోడుగా నడిచినయి. ఇయ్యాల చాన బడుల్ల పుస్తకం ఉంటది, చెప్పేటాయనకు గోండి రాదు.

వాచకం రాసేటోళ్లకు ఒక మాట. అ, ఆ నుంచి వరుసగ పోకండి. పిల్లల మాటల్ల ఎక్కువసార్లు వచ్చే నాలుగైదు అక్షరాలు తీసుకోండి, మొదటి వారంలనే పిల్ల ఒక పూర్తి మాట చదవాలె. ఖ, ఘ, ఝలను వెనక్కు నెట్టండి. ఉట్నూరు గోండి పుస్తకాన్ని ఏటూరునాగారం కోయ పిల్లలకు పంపితే వాళ్లు నవ్వుతరు, టీచరు బీరువాల పెట్టి తాళం వేస్తడు. ఒకటో తరగతిల తెలుగు నోటిమాటగనే ఉండాలె, చదువుడు సొంత భాషల గట్టిపడ్డంకనే తెలుగు పాఠం. సొంత భాష నుంచి తెలుగుకు పోయే ఈ వంతెనను ఆర్నెల్లకు కుదిస్తే పిల్ల గడగడ చదువుతది, అర్థం అడిగితే నేల చూస్తది. తనిఖీకి వచ్చినాయన ఆ గడగడకే మురిసిపోతడు!

సరే, వాచకం ఆడ పెడుదాం. ఒంటిపూట బడుల సంగతి చెప్పకుండ నేను దిగను. మార్చి నడిమి నుంచి పొద్దున్నే ఎనిమిదింటికి బడి. ఎండ తగలొద్దని పెట్టిన టైమది, మైదానపు ఊర్లకు బాగనే ఉంటది. అడవి ఊర్లల్ల ఇప్పపువ్వు రాత్రంత రాలి తెల్లారేసరికి చెట్టుకింద పరుచుకుంటది. పిల్లజెల్ల అంత ఏరుడుకే పోతరు. రిజిస్టర్ల ఎర్రసిరా. ఎవరి తప్పు?

ఆ పువ్వునే లెక్కల పాఠం చేయండి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కుంచానికి పదారు సోలలని పిల్లలే కొలిచి చెప్తరు. పచ్చిపువ్వు తూచి, రోజూ ఎండినంక మళ్ల తూచి గోడ మీద రాయించండి. తగ్గిన బరువు యాడికి పోయింది? ఉత్త నేల మీద ఆరబోస్తే ఇసుక కలుస్తది, తడి ఆరకముందే గంపల పోస్తే బూజు పడ్తది, కొనేటోడు ధర కోస్తడు. సైన్సుకు ఇంతకన్న ఏం గావాలె?

సర్పంచులు, మీరు ఇటు చూడండి. విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ అకడమిక్ క్యాలెండర్ నిర్ణయించే పని స్థానిక సంస్థ మీదనే పెట్టింది. తీర్మానంల మీ ఊరి ఇప్పపూల వారాలు, బడి మొదలయ్యే టైము, పోయిన గంటలు మళ్ల ఎప్పుడు పూడుస్తరో రాయండి. మూడోది మరిస్తే కాయితం వాపస్ వస్తది. ఫిబ్రవరిలనే మండల విద్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. ఒంటిపూట ఉత్తర్వు వచ్చినంక ఇస్తే ఫైలు కదిలేసరికి చెట్టు మీద పువ్వు పోయి కాయ ఉంటది.