డ్యూస్ కూపే కప్పు 3 అంగుళాలు దించాలంటే ఏం చేయాలి?

[తెర మీద: 1932 ఫోర్డ్ కూపే, పక్క నుంచి. కెమెరా చక్రం దగ్గర మొదలై నెమ్మదిగా కప్పు దాకా వెళ్తుంది.]

నమస్తే అండి. ఈ కారు 1932 ఫోర్డ్ కూపే. అమెరికాలో హాట్‌రాడ్, అంటే పాత కారుని వేగం కోసం మార్చిన బండి, కట్టేవాళ్లు దీన్ని ముద్దుగా డ్యూస్ అంటారు. దీని పక్కన ఇంకో డ్యూస్ పెడుతున్నాను, చూడండి.

[తెర మీద: రెండు కార్లు పక్కపక్కన.]

అవే తలుపులు, అదే బానెట్. అయినా రెండోది ఉరకడానికి ఒళ్లు ముడుచుకున్నట్టు కనిపిస్తోంది కదా? అద్దాల దగ్గర అడ్డంగా ఒక పట్టీ అంత ఎత్తు కోసి తీసేసి, కప్పుని కిందికి దించి మళ్లీ అతికారు. దీన్నే టాప్ చాప్ అంటారు.

అందం కోసమే మొదలైన పని కాదిది. దక్షిణ కాలిఫోర్నియాలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ అని ఎండిపోయిన చెరువులు ఉన్నాయి. బల్లపరుపు నేల. అక్కడ కుర్రాళ్లు పాత ఫోర్డులు తీసుకెళ్లి ఎవరి బండి ఎంత వేగం వెళ్తుందో కొలుచుకునేవాళ్లు. ఆ పరుగులని ఒక పద్ధతిలో పెట్టడానికే 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పుట్టింది. 1949 నుంచి యూటాలోని బాన్‌విల్ ఉప్పు మైదానంలో స్పీడ్ వీక్ అనే వేగం పోటీలు మొదలయ్యాయి.

డ్యూస్‌కి ఫోర్డ్ ఇచ్చిన ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజిన్ బలం 65 హార్స్‌పవర్. వేగం రెట్టింపైతే గాలి అడ్డం నాలుగు రెట్లు అవుతుంది. కప్పు వెడల్పు 4 అడుగులు అనుకుందాం. 3 అంగుళాలు దించితే గాలికి ఎదురు నిలిచే చోటు 1 చదరపు అడుగు తగ్గుతుంది. ఇంజిన్ ముట్టుకోకుండానే లాభం. ఇలాంటి పరుగులకి బండి కట్టిన పియర్సన్ అన్నదమ్ములు తమ 1934 ఫోర్డ్ కూపేకి కప్పు బాగా దించి, ముందు అద్దాన్ని వెనక్కి పడుకోబెట్టేశారు. ఆ బండి ఫోటో ఒక్కసారి చూస్తే మర్చిపోలేం.

సరే, అసలు విషయానికి వద్దాం. కోయడం కష్టం కాదు. కోశాక పైముక్క కింది ముక్క మీద కూర్చోదు. ఎందుకో చూపిస్తాను.

[తెర మీద: టీ తాగే పేపర్ కప్పు, బోర్లించి టేబుల్ మీద. చేతులు మాత్రమే కనిపిస్తాయి.]

ఈ టీ కప్పు బోర్లిస్తే పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతోంది. నడుము దగ్గర ఒక అంగుళం వెడల్పున గుండ్రంగా కత్తిరించి ఆ ఉంగరం తీసేస్తున్నాను. ఇప్పుడు పైముక్కని కిందదాని మీద పెడదాం... లోపలికి జారిపోయింది. చూశారా? పైముక్క అంచు చిన్నది, కిందదాని నోరు పెద్దది.

డ్యూస్ కూడా ఇంతే. ముందు పిల్లర్లు, అంటే అద్దాల పక్కన కప్పుని మోసే స్తంభాలు, పైకి వెళ్తూ వెనక్కి వాలతాయి, వెనక భాగం ముందుకి వాలుతుంది. ఉదాహరణకి పిల్లర్ 4 అంగుళాలు ఎక్కేసరికి 1 అంగుళం వాలింది అనుకోండి. 3 అంగుళాలు తీసేస్తే అక్కడ ముప్పావు అంగుళం తేడా వస్తుంది. వెనక వైపు కూడా ఇలాగే తేడా వస్తుంది. దీనికంటే ముందు వచ్చిన ఫోర్డ్ మోడల్ ఎ కూపేకి పిల్లర్లు దాదాపు నిటారు, అందుకే ఈ పని నేర్చుకునేవాళ్లకి నేనైతే అదే చూపిస్తాను.

తేడా పూడ్చడానికి రెండు దారులు. ముందు పిల్లర్లని ఇంకాస్త వెనక్కి వంచి కప్పుకి అందించడం ఒకటి. కప్పునే అడ్డంగా కోసి, ఎడం జరిపి, మధ్యలో కొత్త రేకు వేయడం రెండోది. ఇక్కడ డ్యూస్ మనకి కొంచెం సాయం చేస్తుంది. ఆ కాలం ఫోర్డ్ కప్పు మధ్యలో రేకు లేదు, పెద్ద ఖాళీ వదిలి గుడ్డతో మూసేవాళ్లు. పూర్తి ఉక్కు కప్పు 1937 మోడల్‌కి వచ్చింది. కాబట్టి డ్యూస్‌లో చుట్టూ ఉన్న పట్టీలు పొడిగిస్తే చాలు, మధ్యలో వెల్డింగ్ వేడికి వంకరపోయే పెద్ద రేకు లేదు.

[తెర మీద: కారు లోపల. తలుపు ఖాళీలో ఐమూలగా స్క్వేర్ పైపు.]

గ్రైండర్ పట్టుకునే ముందు ఈ పైపులు చూడండి. బాడీని ఛాసిస్ (కింది చట్రం) మీదే ఉంచి, లెవెల్ చూసి, లోపల అడ్డంగా, ఐమూలగా స్క్వేర్ పైపులు వెల్డ్ చేయాలి. కప్పు తీయగానే బాడీ పట్టు పోతుంది. ఈ పైపులు లేకపోతే తలుపులు మళ్లీ పడవు. దయచేసి ఈ ఒక్క పని మాత్రం తొందరపడి వదిలేయకండి.

తర్వాత ప్రతి పిల్లర్ మీదా 3 అంగుళాల ఎడంతో రెండు టేపులు, నిలువుగా ఒక గీత. ఆ నిలువు గీతే మళ్లీ అతికేటప్పుడు దారి చూపిస్తుంది. పిల్లర్ వంపు లేకుండా తిన్నగా ఉన్న చోటే కోయాలి. తలుపు ఫ్రేములు కూడా ఇదే లెక్కలో దిగాలి. వెనక అద్దం విషయంలో కొందరు దాన్ని కోయకుండా మొత్తంగా కిందికి జరుపుతారు. నాకు అదే నచ్చుతుంది, కళ్లు చికిలించినట్టు ఉండదు.

అతికేటప్పుడు గీత పొడవునా వెల్డింగ్ లాగేయకూడదు. ఇక్కడో టాక్ (చిన్న చుక్క వెల్డింగ్), అక్కడో టాక్. చెయ్యి పెట్టి వేడి చల్లారిందో లేదో చూడాలి. తలుపు తీసి, వేసి, సందు సమానంగా ఉందో చూసి అప్పుడు ఇంకో టాక్. సుత్తి, డాలీతో (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) చదును చేసుకుంటూ పోవాలి. పుట్టీ పల్చగా ఒక పూత చాలు. పాతకాలం వాళ్లు ఆ అతుకుల మీద సీసం కరిగించి రుద్దేవాళ్లు.

అద్దాలకి భయపడక్కర్లేదు. డ్యూస్ అద్దాలు చదునైనవి. కొత్త కొలతకి లామినేటెడ్ అద్దం కోయించుకోవచ్చు. టెంపర్డ్ అద్దం మాత్రం కోయబోతే ముక్కముక్కలవుతుంది.

ఎంత దించాలి అని చాలామంది అడుగుతారు. డ్యూస్‌కి 3 అంగుళాలు అందం అని నా నమ్మకం. 5 దించితే లోపల మనిషి తలెత్తి కూర్చోలేడు, సీటు కూడా దించాలి.

[తెర మీద: డ్రైవర్ కంటితో. ముందు అద్దం సన్నని పట్టీలా. పైన సిగ్నల్ లైటు కప్పు చాటున.]

ఇంకొకటి. కప్పు దించిన కారులో సిగ్నల్ దగ్గర ఆగితే పైన లైటు కనపడదు. అందుకని డ్యాష్‌బోర్డు మీద గీతల ప్లాస్టిక్ బిళ్ల ఒకటి పెట్టుకునేవాళ్లు. పైన ఉన్న రంగు అందులో కిందికి కనిపిస్తుంది.

[తెర మీద: ఆ బిళ్ల దగ్గరగా. ఎరుపు. పచ్చ. కారు కదులుతుంది.]